తొర్రలో ఏడు నెలలు: లావుతోక మరుగుజ్జు లెమూర్ సుప్తావస్థ గురించి

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. మంచు పడని మడగాస్కర్‌లో ఒక చిన్న లెమూర్ (కోతులకు దూరపు బంధువైన జంతువు) ఏడు నెలలు శీతనిద్ర పోతుందని చదివారు, అది నిజమేనా అన్నది మొదటిది. అన్నాళ్లు ఏమీ తినకుండా, తాగకుండా ఎలా బతుకుతుందన్నది రెండోది. మన అడవుల్లో ఉండే దేవాంగ పిల్లి కూడా ఇంచుమించు ఆ కోవకు చెందిన జంతువే కదా, మరి అదెందుకు అలా పడుకోదన్నది మూడోది. జంతుశాస్త్రం చదువుకున్న తరువాత పశ్చిమ మడగాస్కర్ అడవిలో రెండు పొడి కాలాల పాటు పరిశోధకుల దగ్గర సహాయకుడిగా పనిచేశాను గనుక, పరిశోధనల్లో తేలిన విషయాలతో పాటు నేను కంటితో చూసినవి కూడా కలిపి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా జంతువు సంగతి. దీన్ని తెలుగులో లావుతోక మరుగుజ్జు లెమూర్ అనవచ్చు. శాస్త్రీయ నామం కైరోగేలియస్ మీడియస్. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త ఎతియెన్ జెఫ్రోయ్ సెంటిలేర్ 1812లో దీనికి ఆ పేరు పెట్టారు. మలగాసీ భాషలో దీనికున్న పేర్లలో మాతావిరాంబు అన్నది నాకు అన్నిటికన్నా ఇష్టం, ఎందుకంటే మాతావి అంటే కొవ్వు పట్టినది, రాంబు అంటే తోక. శాస్త్రవేత్తలు ఎంతో శ్రమపడి కొలిచి చెప్పిన సంగతిని అక్కడి పల్లెవాళ్లు ఒక్క మాటలో ఎప్పుడో చెప్పేశారు. ఒళ్లు జానెడు, తోక ఇంకో జానెడు ఉంటుంది. వీపు బూడిద రంగు, పొట్ట తెలుపు, పెద్ద కళ్ల చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లని వలయాలు. రాత్రిపూట మాత్రమే తిరుగుతుంది. దీనికి దగ్గరి బంధువులైన ఎలుక లెమూర్లలా కొమ్మ మీంచి కొమ్మకు దూకుతూ పరుగులు తీయదు. అడ్డంగా సాగిన కొమ్మల మీద నాలుగు కాళ్లతో నింపాదిగా నడుచుకుంటూ పోతుంది.

మీ మొదటి ప్రశ్నలో వాడిన ‘శీతనిద్ర’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అపార్థమంతా ఆ మాటలోనే ఉంది. చలి దేశాల్లో ఎలుగుబంట్లు, ఉడుతలు మంచు కాలంలో కలుగుల్లో దూరి పడుకోవడం చూసి పెట్టిన పేరు అది. వాటి విషయంలో ఆ పేరు చాలావరకు సరిపోతుంది. కాని ఈ లెమూర్ విషయంలో అందులోని రెండు ముక్కలూ తప్పుదారి పట్టిస్తాయి. అది పడుకునేది చలికి భయపడి కాదు, ఆ ఏడు నెలల్లో ఎక్కువ కాలం అది ఉండే స్థితి నిద్ర కూడా కాదు. పాఠ్యపుస్తకాల్లో వాడే సుప్తావస్థ అన్న మాటలోనూ నిద్ర అర్థమే ఉంది గాని, అలవాటైన మాట గనుక నేను దాన్నే వాడుతున్నాను. ఒంటి వేడిని, గుండె వేగాన్ని, శ్వాసను, మొత్తం జీవక్రియను అడుగంటా తగ్గించి పడి ఉండే స్థితిని జడస్థితి అందాం. నెలల తరబడి సాగే సుప్తావస్థలో ఈ జడస్థితి ఒక్కోసారి కొన్ని రోజుల పాటు, ఒక్కోసారి వారాల పాటు ఏకబిగిన నడుస్తుంది.

చలి కాకపోతే మరి కారణం ఏమిటి? నేను పనిచేసిన ప్రాంతం మడగాస్కర్ పడమటి తీరంలోని మొరొండావా పట్టణానికి ఈశాన్యంగా ఉండే కిరిండీ అడవికి దగ్గర. బావోబాబ్ చెట్ల బారులతో ఫొటోల్లో కనిపించే దారి ఉన్నది ఆ చుట్టుపక్కలే. (మన గోల్కొండ నయాఖిల్లాలో ఏనుగు చెట్టని చూపించే ఆ భారీ చెట్టు కూడా బావోబాబే, కాకపోతే అది ఆఫ్రికా రకం.) అక్కడ నవంబర్ చివరి నుంచి మార్చి దాకా వానలు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాటేదాకా దాదాపు చుక్క పడదు. అడవి అంతా ఆకు రాలుస్తుంది. పళ్లుండవు, పూలు అరుదు, పురుగులు కనబడవు, నీరు ఎక్కడా నిలవదు. జూన్, జూలై నెలల్లో తెల్లవారుజామున పది డిగ్రీల దాకా దిగే ఉష్ణోగ్రత మధ్యాహ్నానికి ముప్పై దాటుతుంది. అంటే పగలు మన రాయలసీమలో మాఘమాసం ఎండలా ఉంటుంది. ఆ ఎండలోనే లెమూర్ జడంగా పడి ఉంటుంది. దాన్ని తొర్రలోకి తోసేది కరువు. ఆహారమూ నీరూ లేని కాలాన్ని, తనతో తెచ్చుకున్న నిల్వతో, వీలైనంత తక్కువ ఖర్చుతో గడిపేయడమే దాని పద్ధతి.

ఆ నిల్వ ఎక్కడుంటుందో పేరులోనే ఉంది. వానకాలం మధ్యలో సుమారు 130 గ్రాములు తూగే జంతువు, తొర్రలోకి వెళ్లే నాటికి 200 గ్రాములు దాటుతుంది, బాగా మేసినవి 250 దాకా కూడా వెళతాయి. చర్మం కింద ఒళ్లంతా కొవ్వు చేరినా, తోక మొదట్లో చేరేది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బరువుతో పాటు తోక చుట్టుకొలత కూడా రాసుకోవడం పరిశోధకుల దినచర్య, అందుకు మేము వాడింది దర్జీ దగ్గర ఉండేలాంటి మామూలు టేపు. జనవరిలో చిటికెన వేలంత సన్నగా ఉన్న తోక ఏప్రిల్ నాటికి బొటనవేలిని మించి, మెత్తగా, నొక్కితే లోపల నెయ్యి గడ్డకట్టినట్టు తగిలేది. ఇంత తక్కువ కాలంలో ఇంత కొవ్వు పట్టడానికి ఆ జీవి రెండు పనులు చేస్తుంది. ఒకటి, వాన కాలం చివర్లో చక్కెర ఎక్కువగా ఉండే పళ్ల మీద పడుతుంది. అంతకుముందు పూలలోని తేనె, పురుగులు, రకరకాల పళ్లు కలిపి తిన్నది కాస్తా అప్పుడు తీపి పళ్లనే ఏరుకుంటుంది. రెండోది, తిరగడం తగ్గించేస్తుంది. అడవిలో ఇంకా తిండి దొరుకుతూ ఉండగానే అది నెమ్మదించడం మొదలుపెడుతుంది. కరువు వచ్చాక దాచుకోవడం కుదరదు గనుక, కరువు రాకముందే పగటి పొద్దు కురచవుతున్న గుర్తును బట్టి దాని శరీరం సిద్ధమవుతుంది.

తొర్రలో ఉన్న లెమూర్‌ను మొదటిసారి చేతిలోకి తీసుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. జూలై నెల, ఉదయం ఏడు గంటలు. రేడియో పట్టీ సంకేతం చూపించిన చెట్టు మరీ లావైనదేమీ కాదు. మనిషి ఎత్తుకు రెండింతల ఎత్తున చేయి పట్టేంత సందు. మా బృందంలోని మలగాసీ సహచరుడు నిచ్చెన ఎక్కి, దాన్ని మెల్లగా బయటికి తీసి గుడ్డలో పెట్టి నా చేతికిచ్చాడు. ముక్కు పొట్టలో దాచుకుని, తోకను తల మీదుగా చుట్టుకుని, గుండ్రంగా, జామకాయంత ఉంది. నేను వెచ్చదనం కోసం ఎదురుచూశాను. అది లేదు. ఏటి ఒడ్డున నీడలో పడి ఉన్న గులకరాయిలా చల్లగా ఉంది. పక్కటెముకల మీద చూపు నిలిపి గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. నిమిషాలు గడిచాయి. చచ్చిపోయిందేమోనని నాకు గుండె దడదడలాడుతుంటే సహచరుడు ఓపిక పట్టమని సైగ చేశాడు. చాలాసేపటికి ఒక్క ఊపిరి. ఛాతీ ఒక్కసారి ఉబ్బి తగ్గింది, మళ్లీ కదలిక లేదు. మెలకువగా ఉన్నప్పుడు నిమిషానికి 200 సార్ల దాకా కొట్టుకునే దాని గుండె లోతైన జడస్థితిలో ఎనిమిది సార్లకో అంతకన్నా తక్కువకో పడిపోతుందని, ఊపిరికి ఊపిరికి మధ్య పది నిమిషాలకు పైగా ఎడం ఉండవచ్చని చదివే ఉన్నాను. కాని అరచేతిలో పెట్టుకుని ఆ ఎడాన్ని భరించడం వేరే సంగతి. పని ముగించి ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా దాన్ని తిరిగి తొర్రలో పెట్టేశాం, ఎందుకంటే అకారణంగా మేలుకోవలసి వస్తే ఆ వేడికి అయ్యే ఖర్చు దాని తోకలోంచే పోతుంది.

ఇక తొర్ర సంగతి. ఈ జంతువు కథలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇదే. 2004 దాకా ఉష్ణమండలంలో, అందునా కోతులూ మనుషులూ చేరిన ప్రైమేట్ల వర్గంలో, నిజమైన సుప్తావస్థ ఉందని కొలతలతో నిరూపించినవారు లేరు. ఆ ఏడాది జర్మన్ శాస్త్రవేత్త కాత్రిన్ డాస్మన్, ఆమె సహచరులు కిరిండీలో లెమూర్లకు ఉష్ణోగ్రతను పంపించే రేడియో పట్టీలు కట్టి, నెలల తరబడి రాత్రీ పగలూ నమోదు చేసిన వివరాలను నేచర్ పత్రికలో ప్రచురించారు. అందులో తేలినదేమిటంటే, సుప్తావస్థలో ఉన్న లెమూర్ తన ఒంటి వేడిని తాను నిర్ణయించుకోదు, తొర్రకు వదిలేస్తుంది. పలుచని గోడలున్న తొర్రలో పడుకున్నదాని శరీరం తెల్లవారుజామున తొర్రతో పాటు చల్లబడుతుంది, మధ్యాహ్నం ఎండకు తొర్రతో పాటు వేడెక్కుతుంది. ఒకే రోజులో దాని ఒంటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దాకా ఎక్కి దిగుతుంది. ఒక బల్లి శరీరం ఎలా ప్రవర్తిస్తుందో ఈ క్షీరదం శరీరం నెలల తరబడి అలా ప్రవర్తిస్తుంది. మనకు ఒళ్లు రెండు డిగ్రీలు పెరిగితే జ్వరమని మంచం ఎక్కుతాం. మన దూరపు బంధువు ఒకటి రోజూ 20 డిగ్రీలు ఊగుతూ ఏడు నెలలు గడిపి లేచి పళ్లు తినడానికి పోతుంది.

మందమైన గోడలున్న తొర్రలో పడుకున్నవాటి దారి వేరు. అక్కడ ఎండ లోపలికి దిగదు, ఉష్ణోగ్రత రోజంతా పెద్దగా మారదు. ఒంటి వేడి కూడా అలాగే ఒక మాదిరిగా నిలిచిపోతుంది. అయితే ఈ లెమూర్లు కొన్ని రోజులకొకసారి తప్పనిసరిగా లేస్తాయి. లేవడమంటే బయటికి రావడం కాదు. తొర్రలోనే ఉండి, కొవ్వును గబగబా కాల్చి, ఒంటిని మామూలు వేడికి తెచ్చుకుని, కొన్ని గంటలు అలా ఉండి మళ్లీ చల్లబడిపోతాయి. చలి దేశపు ఉడుతలు కూడా ఇలాగే మధ్యమధ్య లేస్తాయి. సుప్తావస్థలో అయ్యే మొత్తం ఖర్చులో పెద్ద వాటా ఈ మేల్కొలుపులదే. పలుచని తొర్రలో ఉన్నవి మాత్రం, రోజూ మధ్యాహ్నం ఒంటి వేడి 30 డిగ్రీలు దాటుతున్నంత కాలం, ఇలా లేవవు. సొంత కొవ్వు కాల్చి తెచ్చుకోవలసిన వెచ్చదనాన్ని వాటికి ఎండ ఉచితంగా ఇస్తోంది. అంటే ఏదో ఒక కారణం చేత ఆ శరీరానికి అప్పుడప్పుడు వెచ్చబడటం అవసరం. ఎలా వెచ్చబడ్డామన్నది మాత్రం దానికి ముఖ్యం కాదు.

ఆ అవసరం ఏమిటన్న దానికి జవాబులో ఒక భాగం తరువాత దొరికింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ క్లాఫర్, ఆండ్రూ క్రిస్టల్, ఆన్ యోడర్ తదితరులు కిరిండీలోనే ఈ లెమూర్ల మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. తొర్ర చల్లగా ఉండి లెమూర్ లోతైన జడస్థితిలో ఉన్నప్పుడు మెదడు గీతలు దాదాపు చదునుగా వచ్చాయి. మనం నిద్ర అని గుర్తుపట్టే అలలు వాటిలో లేవు. ఎండకు తొర్ర వేడెక్కిన గంటల్లోనే నిద్రను పోలిన సంకేతాలు కనిపించాయి. అంటే ‘నిద్ర’ పోతున్నదని మనం అనుకునే కాలమంతా ఆ జీవి నిద్రకు దూరంగానే ఉంటోంది, వెచ్చబడిన కొద్ది గంటల్లో మాత్రం నిద్రపోతోంది. సుప్తావస్థ నిద్ర కాదని నేను పైన అన్నది ఇందుకే. మెదడుకు నిద్ర తప్పనిసరి అవసరం, చల్లబడిన మెదడు నిద్రపోలేదు, అందుకని వెచ్చబడక తప్పదు అన్న వివరణ నాకు నచ్చుతుంది. శరీర రక్షణ వ్యవస్థ నిర్వహణ, కణాల మరమ్మతు వంటి ఇతర కారణాలను చెప్పేవారూ ఉన్నారు, అవి దీనికి విరుద్ధమైనవేమీ కావు.

మడగాస్కర్ తూర్పు వైపు ఎత్తైన వాన అడవుల్లో ఇదే ప్రజాతికి చెందిన వేరే రకాలున్నాయి. అక్కడ త్సింజుఆరివు అడవిలో మరీనా బ్లాంకో బృందం చేసిన పరిశోధన ప్రకారం అవి చెట్టు తొర్రల్లో కాకుండా నేలలో, వేర్ల మధ్య, ఆకుల చెత్త కింద, మట్టిలో దూరి నెలల తరబడి పడి ఉంటాయి. నేల ఉష్ణోగ్రత పెద్దగా మారదు, ఎండ తగలదు. అందుకే అవి ఇంచుమించు వారానికొకసారి లేస్తాయి, లేచి ఒళ్లు వెచ్చబడ్డాకే నిద్రపోతాయి. పడమటి రకంలో తేలిన సూత్రమే అక్కడా నిలబడింది. చెట్టు మీద బతికే జంతువు భూమిలో దూరి పడుకోవడం వింతగా ఉన్నా, చలి రాత్రుల్లో చెట్టు కంటే నేల నయమని చలి ప్రాంతాల్లో పొలం కాపలా పడుకున్నవాళ్లకు చెప్పనక్కరలేదు.

రెండో ప్రశ్నకు చిన్న లెక్క వేసి చూపిస్తాను. 240 గ్రాములతో లోపలికి వెళ్లి 140 గ్రాములతో బయటికి వచ్చిన లెమూర్ పోగొట్టుకున్న నూరు గ్రాములూ కొవ్వే అనుకుందాం. గ్రాము కొవ్వుకు తొమ్మిది కిలోకేలరీల చొప్పున అది 900 కిలోకేలరీలు. ఏడు నెలలను 210 రోజులుగా తీసుకుంటే రోజుకు నాలుగు పైచిలుకు. మనం కాఫీలో వేసుకునే ఒక చిన్న చెంచా పంచదారలో నాలుగవ వంతులో ఉండేంత శక్తి అది. అదే పరిమాణపు క్షీరదం వెచ్చగా, మేలుకుని, ఊరికే కూర్చున్నా అంతకు నాలుగైదు రెట్లు కావాలి, తిండి వెతుక్కుంటూ తిరిగితే ఇంకా ఎక్కువ. అంటే ఇదే తోకతో మామూలుగా బతికితే నెలా రెండు నెలలకు మించి గడవదు. ఇక నీళ్ల సంగతి. కొవ్వు శరీరంలో కాలినప్పుడు నీరూ బొగ్గుపులుసు వాయువూ పుడతాయి. ఒక గ్రాము కొవ్వు పూర్తిగా కాలితే ఒక గ్రాము కంటే కొంచెం ఎక్కువే నీరు వస్తుంది. శ్వాస అంత అరుదుగా ఉన్నప్పుడు బయటికి పోయే తేమ కూడా స్వల్పం. కాబట్టి తోక దానికి ఆహారపు గాదె మాత్రమే కాదు, నీటి తొట్టి కూడా.

మిగిలిన ఐదు నెలల్లో చేయవలసిన పనులన్నీ చేసుకోవాలి గనుక ఆ కాలం ఊపిరి సలపనివ్వదు. అక్టోబర్ చివర, నవంబర్‌లో మగవి ముందు లేస్తాయి, ఆడవి తరువాత. ఒకటి రెండు హెక్టార్ల అడవిని ఒక జంట తనదిగా చేసుకుని, కొమ్మల మీద మలం రాసి సరిహద్దులు గుర్తు పెడుతుంది. జంట ఏళ్ల తరబడి కలిసే ఉంటుంది. లేచిన కొద్ది రోజులకే కలుస్తాయి, రెండు నెలల గర్భం తరువాత జనవరిలో సాధారణంగా రెండు పిల్లలు పుడతాయి. పిల్లలు తొర్రలో ఉన్న తొలి వారాల్లో తల్లి మేతకు వెళితే తండ్రి లోపల ఉండి వాటిని వెచ్చగా కాపాడుతుంది, తల్లి వచ్చాక తాను బయటికి పోతుంది. నేను టార్చిలైటు ఎర్ర కాగితం కప్పి ఎన్నో రాత్రులు ఆ వంతులు రాసుకున్నాను; ఒకటి రాకుండా రెండోది తొర్ర విడవడం చాలా అరుదు. అయినా జొవానా ఫీట్జ్ బృందం 2000లో చేసిన జన్యు పరీక్షల్లో పిల్లల్లో 44 శాతం ఆ జంటలోని మగదానికి పుట్టినవి కావని తేలింది. తన పిల్లలు కావచ్చు, కాకపోవచ్చు, మగది మాత్రం కాపలా మానదు. పుట్టిన పిల్లలకు మే నెల కల్లా తోక నిండాలి. పెద్దవి ఏప్రిల్‌లోనే తొర్రలెక్కితే పిల్లలు ఇంకొన్ని వారాలు మేస్తూనే ఉంటాయి. వానలు ముందే ఆగిపోయిన ఏడాది సన్న తోకలతో లోపలికి వెళ్లిన పిల్లల్ని చూసి మేము నవంబర్ దాకా బెంగపెట్టుకునేవాళ్లం.

ఏడు నెలలు కదలకుండా పడి ఉండటంలో ప్రమాదం లేదా అంటే ఉంది. ఆ అడవిలో సన్నచారల ముంగిస ఒకటి పుచ్చు మానుల్ని గోళ్లతో చీల్చి లోపల పడుకున్న చిన్న లెమూర్లను లాగి తింటుంది. కొండచిలువ జాతి పాములు తొర్రల్లో దూరగలవు. చల్లగా ఉన్న లెమూర్ పారిపోలేదు, కరవలేదు. అందుకే తల మాత్రం పట్టేంత ఇరుకు సందున్న తొర్రల కోసం అవి అంత వెతుకుతాయి, మంచి తొర్ర దొరికితే నాలుగైదు కలిసి ఒక్కచోటే ముడుచుకుంటాయి. అయినా మొత్తం మీద తిరుగుతూ ఉండటం కంటే దాగి ఉండటమే క్షేమంగా ఉన్నట్టుంది. ఎందుకంటే ఈ జీవి తన పరిమాణానికి మించి చాలాకాలం బతుకుతుంది. ఇంత బరువున్న ఎలుక జాతి జీవి మూడేళ్లు బతికితే గొప్ప. సంరక్షణలో ఉన్న మరుగుజ్జు లెమూర్లు దాదాపు 30 ఏళ్లు బతికినవి ఉన్నాయి.

ఆ ఆయువు వెనుక సుప్తావస్థ పాత్ర ఎంతన్నది డ్యూక్ లెమూర్ సెంటర్‌లో పరిశీలించారు. ఉత్తర కరోలినాలోని డర్హమ్‌లో 1966లో మొదలైన ఈ కేంద్రంలో దశాబ్దాల పాటు వీటిని వెచ్చని గదుల్లో, నిత్యం మేత పెడుతూ ఉంచడం వల్ల అవి పూర్తి సుప్తావస్థలోకి వెళ్లేవి కావు, తేలికగా మందగించేవి, అంతే. తరువాత గది ఉష్ణోగ్రతను, వెలుతురు గంటలను అడవిలోలాగే క్రమంగా తగ్గించి, తొర్రల్లాంటి చెక్కపెట్టెలు అమర్చేసరికి ఎనిమిది లెమూర్లు నాలుగు నెలల కాలంలో దాదాపు 70 శాతాన్ని జడస్థితిలోనే గడిపాయి. ఒక్కో విడత 11 రోజుల దాకా సాగింది. తరాలు గడిచినా ఆ శక్తి పోలేదు, అవకాశం కోసం ఎదురుచూసింది. అదే కేంద్రంలో 15 మరుగుజ్జు లెమూర్ల బుగ్గ లోపలి కణాలను పరిశీలించి 2025లో ఇంకో విషయం ప్రకటించారు. కణం విభజన చెందిన కొద్దీ క్రోమోజోముల కొసల్లో ఉండే టెలోమియర్లు అరిగిపోతాయి, వయసు మీరడానికి అదొక గుర్తు. సుప్తావస్థలో లోతుగా మునిగిన లెమూర్లలో ఇవి అరగకపోగా కొంత పొడవు పెరిగాయి. మధ్యమధ్య లేచి తిన్నవాటిలో ఉన్నట్టే ఉన్నాయి. లేచిన కొద్ది కాలానికి పెరిగినవి మళ్లీ పాత పొడవుకు వచ్చాయి. దీన్ని పట్టుకుని మనుషుల ఆయువు పెంచే మందు వచ్చేస్తుందని రాసే వార్తలను నమ్మవద్దని నా మనవి. కాని కదలకుండా పడి ఉన్నా కండ కరగని, తోక నిండా కొవ్వు పట్టినా జబ్బు పడని ఒక ప్రైమేట్ ఉండటం వైద్యులకు పట్టవలసిన సంగతే.

మూడో ప్రశ్న. దేవాంగ పిల్లి పిల్లి కాదు, సన్నని లోరిస్. శేషాచలం అడవుల్లో రాత్రిపూట అదృష్టముంటే కనిపిస్తుంది. లెమూర్లూ లోరిస్‌లూ ఒకే పెద్ద శాఖకు చెందినవి, కింది ముందరి పళ్లు దువ్వెనలా ఉండి ఒళ్లు దువ్వుకోవడానికి పనికిరావడం రెంటికీ ఉమ్మడి. ఈ పోలిక చూసే 1864లో ఫిలిప్ స్క్లేటర్ అనే ఆంగ్ల జంతుశాస్త్రవేత్త, భారతదేశాన్నీ మడగాస్కర్‌నూ కలిపిన ఒక ఖండం సముద్రంలో మునిగిపోయిందని ఊహించి దానికి లెమూరియా అని పేరు పెట్టాడు. ఆ ఖండం లేదు. మడగాస్కర్, భారతదేశం ఒకప్పుడు అంటుకుని ఉన్నమాట నిజమే గాని అవి విడిపోయింది సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట, లెమూర్ల పూర్వీకులు ఆ ద్వీపానికి చేరకముందే. అవి ఆఫ్రికా నుంచి సముద్రం మీద కొట్టుకొచ్చిన చెట్ల దుంగలపై చేరి ఉంటాయన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట. మన దేవాంగ పిల్లి బరువులో మరుగుజ్జు లెమూర్‌కు సమఉజ్జీయే అయినా, కొవ్వు దాచుకోవడానికి దానికి తోకే లేదు. పైగా దాని ప్రధాన ఆహారం చీమలు, చెదలు, ఇతర పురుగులు. మన ఆకురాల్చే అడవుల్లో అవి ఏడాది పొడవునా ఏదో ఒక మేరకు దొరుకుతాయి. మూతపెట్టుకుని పడుకోవలసినంత కరువు దానికి రాదు. లోరిస్‌లకు ఈ విద్య బొత్తిగా రాదనడానికి మాత్రం వీల్లేదు: వియత్నాంలో ఉండే చిన్న లోరిస్ చలికాలంలో రెండు రోజులకు మించి జడస్థితిలో ఉంటుందని 2015లో కొలిచి చూపించారు. మడగాస్కర్ బయట ఒక ప్రైమేట్‌లో ఇది నిర్ధారణ కావడం అదే మొదలు. ఒక్క మాట ఇక్కడే చెప్పాలి. దేవాంగ పిల్లిని మంత్రతంత్రాల పేరుతోనో, పెంచుకుందామనో పట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం తీవ్రమైన నేరం. ఎవరైనా అమ్మకానికి చూపిస్తే అటవీ శాఖకు తెలియజేయండి.

మరుగుజ్జు లెమూర్ కూడా నిశ్చింతగా లేదు. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీన్ని ముప్పు పొంచి ఉన్న (వల్నరబుల్) జాతుల జాబితాలో చేర్చింది. కిరిండీ చుట్టూ మొక్కజొన్న, వేరుశనగ వేయడానికి అడవి నరికి కాలుస్తారు. మన ఏజెన్సీలో పోడు అంటామే, అక్కడ దాన్ని హాత్సాకె అంటారు. కాల్చేది వానలకు ముందు, పొడి కాలం చివర్లో. ఆ సమయానికి లెమూర్లు ఇంకా తొర్రల్లోనే చల్లగా, గుండె నిమిషానికి నాలుగైదు సార్లు కొట్టుకుంటూ పడి ఉంటాయి. పక్షి ఎగిరిపోతుంది, అక్కడి వేటజంతువు ఫోసా పరుగెత్తుతుంది, సుప్తావస్థలో ఉన్న జీవికి మంట సంగతి తెలిసి, ఒళ్లు వెచ్చబడి, కాళ్లు కదిలేసరికే చాలాసేపు పడుతుంది. కాలిన నేలలో ఒక లావుపాటి మాను మొదలు దగ్గర మేము వెతకవలసి వచ్చిన ఉదయం గురించి రాయడం నాకు ఇప్పటికీ కష్టం. రైతుల మీద నాకు కోపం లేదు, కరువు వాళ్లనూ తరుముతోంది. కాని చిన్న మొక్కలు నాటి అడవి తిరిగి తెచ్చామని చెప్పేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: తొర్ర పడటానికి చెట్టుకు ఎన్నో దశాబ్దాల వయసు రావాలి, ఈ జంతువుకు కావలసింది ఆకు కాదు, తొర్ర.

మీలో ఎవరైనా అక్కడికి వెళ్లి చూడాలనుకుంటే ఒక ఇబ్బంది ఉంది. రోడ్లు బాగుండేది జూన్ నుంచి సెప్టెంబర్ దాకా గనుక యాత్రికులంతా అప్పుడే వెళతారు, ఆ నెలల్లో మరుగుజ్జు లెమూర్ ఒక్కటీ బయట కనిపించదు. దాన్నే చూడాలంటే నవంబర్ రెండో సగంలో, తొలి వానలు పడ్డాక, బాటలు బురదలో కూరుకుపోకముందు వెళ్లండి. రాత్రి ఎనిమిది దాటాక స్థానిక మార్గదర్శితో నడుస్తూ, నేలకు ఐదారు మీటర్ల ఎత్తున అడ్డంగా సాగిన కొమ్మల మీద టార్చి వేయండి. నారింజ రంగులో రెండు కళ్లు మెరిసి, అవి గభాలున దూకి మాయమైతే అది ఎలుక లెమూర్. అలాగే నిలబడి మిమ్మల్ని చూస్తూ, కాసేపటికి తన దారిన తాను నెమ్మదిగా నడిచిపోతే, లైటు కొంచెం పక్కకు తిప్పి తోక చూడండి. నవంబర్‌లో అది తాడులా సన్నగా, వదులు చర్మంతో వేలాడుతూ ఉంటుంది.